గంట వినిపించని దూరానికి



శక్కర్‌నగర్ సైరన్ విని గడియారం సరిచేసుకున్న తరం మాది. అక్కడ 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీకి ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. షిఫ్టు మారినప్పుడల్లా దాని సైరన్ బోధన్ దాటి చెరుకు తోటల దాకా వినిపించేది. ఆదివారం పొద్దున దానికి తోడు చర్చి గంట మోగేది. సైరన్ వింటే బాపు సైకిల్ తీసేవాడు. గంట వింటే అవ్వ మా తలలు దువ్వేది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది, సైరన్ ఆగిపోయింది. గంట ఇప్పటికీ కొడుతున్నారు. కానీ ఆ గంట విని లేవాల్సినవాళ్లు చాలామంది ఇప్పుడు ఊళ్లో లేరు. ఒకరు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, ఇంకొకరు దుబాయ్‌లో సెంట్రింగ్ పని, మరొకరు మస్కట్‌లో డ్రైవర్. ఊళ్లో ఉన్నవాళ్లలోనూ మంచం దిగలేని ముసలివాళ్లున్నారు.

క్రైస్తవ సంఘాల పరిచర్యలో సాంకేతికత, ఇంటర్నెట్ గురించి మాట్లాడమని నన్ను అడిగినప్పుడు మొదట గుర్తొచ్చింది వీళ్లే. ఇంటర్నెట్ మన చేతికి వచ్చింది వీళ్ల కోసమని నా నమ్మకం. మందిరానికి నడిచి రాగలిగినవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టడానికి దాన్ని వాడితే, మంచి పనిముట్టును తప్పు పనికి వాడినట్టే.

కొత్త పనిముట్టు రాగానే సంఘాల్లో కొందరు వెనకాడటం, కొందరు ఎగబడటం కొత్తేమీ కాదు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు ఎక్కడ పడ్డాయో సాహిత్యం చదివినవాళ్లకు తెలుసు. బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ తెలుగు నేర్చుకొని రాసిన క్రైస్తవ పుస్తకాలు 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలె పట్టణంలో అచ్చయ్యాయి. ఆ రోజుల్లో అచ్చు యంత్రం మనవాళ్లకు ఇంటర్నెట్ కన్నా వింత. రేడియో సంగతీ అంతే. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరపు కెడికెఎ స్టేషన్ 1921 జనవరి 2న కాల్వరీ ఎపిస్కోపల్ చర్చి ఆరాధనను ప్రసారం చేసింది. రేడియోలో వచ్చిన మొదటి చర్చి ఆరాధన అదేనంటారు. ఆ పరికరాలు చూసుకునే ఇంజనీర్లు ఆరాధనకు అడ్డుగా కనబడకూడదని వాళ్లకు గాయకబృందం గౌన్లు తొడిగించారట. ఈ ముచ్చట నాకు చాలా ఇష్టం. ఇప్పుడు మన మందిరాల్లో వేదిక ముందు ట్రైపాడ్ పెట్టి, వాక్యం చదివేవాళ్ల ముఖానికి ఫోన్ అడ్డం పెట్టే పిల్లలకు ఆ గౌన్ల కథ చెప్పాలి. యంత్రం పని చెయ్యాలి, కంటికి కనబడకూడదు.

మా చిన్నతనంలో మా ఊరికి వచ్చిన సాంకేతికత పదహారు ఎం.ఎం. ప్రొజెక్టర్. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ సినిమాను ఊరూరా తిప్పేవాళ్లు. బడి ముందు రెండు వెదురు బొంగులు పాతి తెల్లగుడ్డ కట్టేవాళ్లు. జనరేటర్ దూరంగా గోడ వెనక పెట్టినా దాని మోత సినిమాతో పోటీ పడేది. గుడ్డకు ఇటువైపు చోటు లేక అటువైపు కూర్చున్నవాళ్లకు బొమ్మ తిరగేసి కనబడేది. అయినా కదిలేవాళ్లు కారు. రీలు మార్చే ఆ రెండు మూడు నిమిషాల్లో చీకట్లో ఎవరో ఒక అవ్వ కీర్తన ఎత్తుకునేది, అందరూ అందుకునేవాళ్లు. నాకు సినిమాలో సీన్ల కన్నా ఆ చీకట్లో పాటే ఎక్కువ జ్ఞాపకం.

మన జిల్లాలో సాంకేతికతకూ పరిచర్యకూ ఎలాంటి సంబంధం ఉండాలో తెలియాలంటే మాత్రం డిచ్‌పల్లి వెళ్లాలి. స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ వెస్లియన్ మెథడిస్ట్ మిషన్ తరఫున ఇక్కడ పనిచేశారు. స్థానికుడైన నర్సాగౌడ్ అనే హిందూ దాత ఆర్థికంగా ఆదుకోవడంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు వైద్యశాల తెరిచారు. అప్పటికి కుష్ఠుకు తెలిసిన మందు చాల్ముగ్రా జాతి గింజల నూనె. తాగితే కడుపులో తిప్పి వాంతులయ్యేవి, రోగులు మానేసేవాళ్లు. ఆ నూనెను సూదిమందుగా ఇచ్చే పద్ధతి మీద కలకత్తాలో లెనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ వంటి డాక్టర్లు పరిశోధన చేశారు. ఇసబెల్ కెర్ ఆ పద్ధతిని డిచ్‌పల్లికి తెచ్చారు. ఆ కాలానికి అది కొత్త సాంకేతికత. నూనె చిక్కనిది, సూది నొప్పి, అది కూడా నెలల తరబడి వేయించుకోవాలి. రోగికి ఇంట్లోవాళ్లే చాపను వేరే పరిచి, అన్నం దూరం నుంచి తోసే రోజుల్లో ఆ మనిషి చెయ్యి పట్టుకొని సూది వెయ్యడానికి ఒకరు కావాలి కదా. ఇసబెల్ కెర్ 1932లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు. సూదిమందు పద్ధతి కలకత్తాలో ఎంత గొప్పగా కనిపెట్టినా, డిచ్‌పల్లిలో ఒక చెయ్యి దొరికాకే అది ఇక్కడి రోగికి మందయింది. నేను ఫోన్ గురించి ఆలోచించినప్పుడల్లా ఆ సూదిని తలచుకుంటాను.

ఇక మన కాలానికి వస్తాను. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. ఏప్రిల్ 12న ఈస్టర్. తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు లేవు, ఊరేగింపు లేదు. మందిరాలకు తాళాలు. అంతకుముందు వాట్సాప్ ముఖం చూడని పాస్టర్‌లు కూడా వారం రోజుల్లో ఫోన్ ముందు నిలబడి ప్రసంగించడం నేర్చుకున్నారు. జియో వచ్చిన 2016 నుంచి ఊళ్లలో డేటా చౌకగా దొరుకుతోంది కాబట్టి అది సాధ్యమైంది. ఆ రెండు నెలల్లో ఇంటర్నెట్ సంఘాన్ని నిలబెట్టిందనే నేనంటాను. ఫోన్ ముందు రొట్టె, ద్రాక్షరసం పెట్టుకొని ఇంట్లోనే ప్రభువు బల్ల తీసుకోవచ్చా అని అప్పుడు చాలామంది అడిగారు. ఒక్కో సంఘం ఒక్కో జవాబు ఇచ్చింది. నా మట్టుకు నాకు, రొట్టె ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి అందాల్సిందే.

జూన్ 8 నుంచి ప్రార్థనాలయాలు తెరుచుకున్నాయి. అందరూ తిరిగి రాలేదు. కొందరు భయంతో ఆగారు, అది న్యాయమే. కొందరికి మాత్రం ఇల్లు అలవాటైంది. చాయ్ తాగుతూ ఆరాధన చూడటం, ప్రసంగం నచ్చకపోతే ఇంకో ఊరి ప్రసంగానికి మార్చుకోవడం. పక్క బెంచీలో కూర్చునే ముసలాయన ఈ వారం ఎందుకు రాలేదో యూట్యూబ్ చెప్పదు. ఆయన రాలేదని తెలియాలంటే నువ్వు ఆ బెంచీలో ఉండాలి.

మరి ఎవరి కోసం ప్రత్యక్ష ప్రసారం? గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ల కోసం అంటారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను, ఒక తమ్ముడు నా కళ్లు తెరిపించేదాకా. బోధన్ దగ్గరి పల్లెవాడు, సౌదీలో పైపులైన్ పని చేస్తాడు. సెలవు మీద వచ్చినప్పుడు అడిగాను, "ఏం తమ్మీ, మన ఆరాధన లైవ్‌లో చూస్తున్నవా?" అని. "ఆదివారం మాకు డ్యూటీ గద అన్నా. మీరు పదిన్నరకు మొదలువెడితే మాకు ఎనిమిది. గప్పటికి నేను సైట్ మీద ఉంట. రాత్రి రూముకు వచ్చి పండుకునేటప్పుడు వినేటట్టు చిన్నగ ఏమన్న పంపుండ్రి" అన్నాడు. మేం ఏడాదిగా నడుపుతున్న లైవ్ ఎవరి కోసమైతే అనుకున్నామో వాళ్లకే అందడం లేదు!

లెక్క చూడండి. మనకూ సౌదీ, ఖతర్, కువైట్‌లకూ రెండున్నర గంటల తేడా, దుబాయ్, మస్కట్‌లకు గంటన్నర. సౌదీ, ఖతర్, కువైట్, ఒమన్‌లలో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. దుబాయ్ ఉన్న యూఏఈలో 2022 జనవరి నుంచి ప్రభుత్వ ఆఫీసుల సెలవు శని, ఆదివారాలకు మారింది గాని, సైట్ల మీద పనిచేసే కూలీలందరికీ అది వర్తించదు. గల్ఫ్ చర్చిల్లో శుక్రవారం ఆరాధన ఉండటానికి కారణం ఇదే. ఖతర్ రాజధాని దోహాలో చర్చిల కోసం ప్రభుత్వం వేరే ప్రాంగణమే ఇచ్చింది, శుక్రవారం ఆ ఆవరణ అనేక భాషల పాటలతో నిండిపోతుంది. సౌదీలో చర్చి భవనమే లేదు. అక్కడున్నవాడికి ఊరి నుంచి వచ్చే ఆ చిన్న ఆడియోనే దిక్కు.

ఆ తమ్ముడి మాట విన్నాక మేం చేసిన పని చెబుతాను, ఏ చిన్న సంఘమైనా చేసుకోవచ్చు. ప్రసంగాన్ని వీడియోగా కాక ఆడియోగా తీశాం. బెంచీ మీద ఫోన్ పెట్టి రికార్డు చేస్తే ఫ్యాను చప్పుడు, పిల్లల ఏడుపు, గోడల ప్రతిధ్వని తప్ప మాట వినబడదు. మైకు మిక్సర్ నుంచి ఫోన్‌కు ఒక తీగ కలిపితే మాట శుభ్రంగా వస్తుంది. మాట మాత్రమే ఉన్న రికార్డింగ్‌ను సెకనుకు 32 కిలోబిట్ల రేటులో దాస్తే ఇరవై నిమిషాల ప్రసంగం ఐదు ఎం.బి. కూడా దాటదు. అదే వీడియో అయితే వందల ఎం.బి. అవుతుంది. యూఏఈలో వాట్సాప్ కాల్ మామూలుగా కలవదు, ఆ దేశపు కట్టడి అది. కానీ పంపిన ఆడియో అందుతుంది. శనివారం రాత్రి కాకుండా గురువారం రాత్రికి పంపుతున్నాం, శుక్రవారం సెలవున్నవాడు నిదానంగా వింటాడని. మొదట్లో పాస్టర్ అయ్యగారి ప్రసంగం మాత్రమే పంపేవాళ్లం. ఇప్పుడు చివర ఒక నిమిషం ఊరి కబురు కలుపుతున్నాం. ఎవరికి బిడ్డ పుట్టింది, ఎవరి బోరులో నీళ్లు పడ్డాయి, మందిరం గోడకు సున్నం ఎంతవరకు వచ్చింది. ప్రసంగం కన్నా ఆ నిమిషాన్నే రెండు మూడు సార్లు వింటున్నామని చెప్పినవాళ్లున్నారు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. గల్ఫ్ క్యాంపు గదిలో నలుగురు కలిసి ప్రార్థన చేసుకున్న ఫోటో ఇక్కడ ఫేస్‌బుక్‌లో పెట్టకండి. అక్కడి చట్టం వేరు. మన సంతోషం వాళ్ల ఉద్యోగానికి ముప్పు తేకూడదు.

ఇంటర్నెట్ ఉన్న ఫోనే లేనివాళ్ల సంగతేమిటి? మా వాడలో ఒక అవ్వ ఉంది. కళ్లలో శుక్లాలు, చదువు రాదు. ఆమె దగ్గర అరచేతి పెద్దంత స్పీకర్ డబ్బా. అందులో మెమరీ కార్డు. ఆమె దాన్ని ‘చిప్పు’ అంటుంది. మొబైల్ షాపులో యాభయ్యో వందో తీసుకొని పాటలు ఎక్కించే ఆ చిప్పు మన పల్లెల్లో ఎంత పని చేసిందో ఏ లెక్కలోనూ రాదు. దాంట్లో మా పిల్లలు తెలుగు బైబిల్ ఆడియో, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఎక్కించి ఇచ్చారు. ఆ డబ్బాకు ఐదు బొత్తాములు. అవ్వకు అంకెలు కనబడవు కాబట్టి ఒక పిల్ల తెలివిగా ‘ముందుకు’ అనే బొత్తాము మీద కుంకుడు గింజంత ఎం-సీల్ ముద్ద అతికించింది. ఇప్పుడు అవ్వ వేలితో తడిమి పాట మార్చుకుంటుంది. లైవ్ కోసం మేం కొన్న కెమెరా కన్నా ఆ ఎం-సీల్ ముద్దే నాకు గొప్ప సాంకేతికతగా కనబడుతుంది. కార్డు మార్చే నెపంతో ఆ పిల్ల నెలకోసారి అవ్వ దగ్గరికి పోతుంది, కాసేపు కూర్చుంటుంది, కాళ్లకు నూనె రాస్తుంది.

మరో మాట కొంచెం కఠినంగా చెప్పాలి. ప్రార్థన గ్రూపులు. నాకు తెలిసిన ఒక సంఘంలో ఒక ఇంటి ఆడపిల్ల పెళ్లి సంబంధం తప్పిపోయింది. తల్లి ఏడ్చుకుంటూ ఒక పెద్దావిడకు చెప్పుకుంది. ఆవిడ మంచి మనసుతోనే, పిల్ల పేరుతో సహా ప్రార్థన మనవిగా గ్రూపులో పెట్టింది. పొద్దుగూకే వేళకు ఆ కబురు మూడు ఊళ్లు దాటింది. ఆ పిల్ల ఆరు నెలలు మందిరం గడప తొక్కలేదు. ఒకప్పుడు కుష్ఠు రోగులు ఊరు, పేరు ఎందుకు దాచుకోవాల్సి వచ్చేదో ఆలోచించండి, వాళ్ల పేరు బయటపడితే ఇంట్లో చెల్లెళ్ల పెళ్లి ఆగిపోయేది. రోగం, అప్పు, కాన్పు, కాపురం, ఈ నాలుగింటి గురించి ఆ మనిషిని అడగకుండా గ్రూపులో పేరు పెట్టకూడదు. ‘మన సంఘంలో ఒక సహోదరి కోసం’ అని రాస్తే చాలు. మనం ఎవరి గురించి మాట్లాడుతున్నామో దేవునికి తెలుసు కదా.

డబ్బు విషయం క్లుప్తంగా చెప్పేస్తాను. కానుక పెట్టె పక్కన క్యూఆర్ కోడ్ పెట్టడంలో తప్పులేదు. అది సంఘం పేరున ఉన్న బ్యాంకు ఖాతాది కావాలి, ఎవరి సొంత ఖాతాదీ కాకూడదు. నెలకోసారి లెక్క మందిరంలో చదవాలి. విదేశీయుల నుంచి విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద అనుమతి ఉండాలి, లైవ్ వీడియో కింద క్యూఆర్ కోడ్ పెట్టే ముందు అది ఆలోచించుకోండి. పాస్టర్ గారి ఫోటో పెట్టుకొని కొత్త నంబర్ నుంచి ‘అర్జెంటుగా డబ్బు పంపండి’ అని మెసేజ్ వస్తే, ముందు ఆయన పాత నంబర్‌కు ఫోన్ చెయ్యండి. మోసపోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి. స్పీకర్ల గురించి కూడా ఒక మాట. మద్రాసులోని ఒక చర్చి కేసులో సుప్రీంకోర్టు 2000లోనే స్పష్టంగా చెప్పింది, మైకులతో పొరుగువాళ్ల శాంతికి భంగం కలిగిస్తూ ప్రార్థించాలని ఏ మతమూ చెప్పదని. మన స్పీకర్ల ముఖం మందిరం లోపలికి ఉండాలి.

ఇక యువకులకు ఒక పని ఉంది, ఆలస్యం చేస్తే చేజారేది. మన సంఘాల కరపత్రాలు, వార్షిక నివేదికలు, స్థానికంగా కట్టుకున్న పాటలు, ముప్పై ఏళ్లుగా డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో టైపు అయ్యాయి. ఆ ఫైళ్లు ఈనాటి ఫోన్‌లో తెరిస్తే తెలుగు కనబడదు, పిచ్చి గీతలు కనబడతాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చాలి. బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్లు చెదలు పడుతున్నాయి. వీసా కోసం పెళ్లి సర్టిఫికెట్ కావలసి ఎంతమంది పరుగెత్తుకొస్తారో పాస్టర్‌లను అడగండి. కిటికీ వెలుతురులో ఒక్కో పేజీ ఫోటో తీసి, రెండు వేర్వేరు చోట్ల దాచండి. గ్రూపుల్లో మాత్రం పెట్టకండి, అవి మనుషుల సొంత వివరాలు.

అన్నిటికన్నా ముందు, పాత రాగాలు. కీర్తనల పుస్తకంలో మాట ఉంది, రాగం పేరు ఉంది. ఆ రాగాన్ని మన పల్లెల్లో పాడే తీరు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. చెరుకు నరికి వచ్చి, రాత్రి భజనలో తాళాలు పట్టి, ఒకరు అంటే పదిమంది అందుకుంటూ పాడిన ఆ వరస డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్ల గొంతుల్లోనే మిగిలింది. కీబోర్డులో రిథమ్ ప్యాడ్ నొక్కితే వచ్చేది వేరు. ఒక తాత దగ్గర కూర్చొని, ఆయనకు నచ్చిన వేళ, ఆయన ఊపిరి పట్టినంతసేపు రికార్డు చెయ్యండి. ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఆయన నోటితోనే చెప్పించండి. మా దగ్గర ఇప్పటికి పద్నాలుగు పాటలు చేరాయి. పాడినవాళ్లలో ఇద్దరు ఈ ఏడాది కన్నుమూశారు.

శ్రోతల్లో పాస్టర్‌లు, సంఘ పెద్దలు, సండే స్కూల్ టీచర్లు ఉంటారు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరెవరు రాలేదో పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఫోన్ చేతిలోకి తీసుకున్నాక వీడియో ఎంతమంది చూశారో లెక్కపెట్టే ముందు, ఆ కాగితంలో మొదటి పేరుకు ఫోన్ కలపండి. ఊళ్లోనే ఉన్నారని తెలిస్తే, ఫోన్ జేబులో పెట్టి వాళ్ల ఇంటికి నడవండి.